ఆఫర్ లెటర్ నుంచి మొదటి జీతం దాకా: విశాఖలో కొత్త ఉద్యోగిని చేర్చుకునే పద్ధతి

విశాఖలో ఇరవై మంది నుంచి నూట యాభై మంది దాకా పనిచేసే కంపెనీల్లో హెచ్‌ఆర్ అంటే చాలాచోట్ల ఒక్క మనిషే. జీతాలు, హాజరు, వాటర్ క్యాన్ల లెక్క అన్నీ ఆ ఒక్కరే చూస్తారు. ఆ హడావిడిలో కొత్తవాళ్లు చేరితే ఒక ఫైలు, పదిహేను సంతకాలు, ఒక బొకే, గ్రూపులో ఒక ఫొటో. చేర్చుకోవడం అయిపోయిందనుకుంటారు. అసలు పని మొదలయ్యేది అభ్యర్థి ఆఫర్‌కి సరేనన్న రోజున. మొదటి జీతం రూపాయి తేడా లేకుండా ఖాతాలో పడితే సగం పూర్తయినట్టు. మిగతా సగానికి మూడు నెలలు పడుతుంది. రుషికొండ కొండ మీద సాఫ్ట్‌వేర్ ఆఫీసైనా, ఆటోనగర్‌లో వర్క్‌షాపైనా, పరవాడలో మందుల ఫ్యాక్టరీ అయినా వరుస ఇదే.

ఆఫర్‌లోనే చేతికొచ్చేది రాయండి

తగువుకి విత్తనం పడేది ఇక్కడే. ఏడాదికి 2,71,200 అని ఆఫర్ ఇస్తారు. కుర్రాడు పన్నెండుతో భాగిస్తే 22,600 వస్తుంది, ఇంట్లో అదే చెబుతాడు. నెల తిరిగాక ఖాతాలో 17,900 పడుతుంది. మిగతా 4,700 కంపెనీ మింగేసిందనుకుంటాడు. నిజానికి ఎవరూ మింగలేదు, లెక్క ముందే చెప్పలేదంతే.

ఆ లెక్క ఇదీ. ముందే పీఎఫ్ (భవిష్యనిధి) ఖాతా ఉన్న మనిషికి బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి నెలకి 20,000, వేరే అలవెన్సులు లేవనుకుందాం. పీఎఫ్‌ని 15,000 పరిమితి మీద కడితే ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 0.75 శాతం, 150. ఆంధ్రప్రదేశ్‌లో వృత్తి పన్ను 15,000 దాకా లేదు, 20,000 దాకా 150, అది దాటితే 200. ఇవన్నీ పోగా చేతికి 17,900. కంపెనీ వైపు చూస్తే పీఎఫ్ వాటా 1,800, ఈడీఎల్‌ఐ బీమాకి, నిర్వహణ ఛార్జీకి అర శాతం చొప్పున 150, ఈఎస్‌ఐ 3.25 శాతం 650. జీతంతో కలిపితే 22,600. ఆఫర్ లెటర్‌లో మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాయండి: కంపెనీకి అయ్యే ఖర్చు, కోతలకి ముందు జీతం, చేతికొచ్చేది. మొదటి నెల గొడవల్లో చాలా భాగం ఈ మూడు వరుసలతోనే పోతుంది.

అదే 20,000కి మొదటిసారి ఉద్యోగంలో చేరే మనిషి వస్తే కథ వేరు. పీఎఫ్ వేతనం 15,000 దాటి, ఇంతకుముందు పీఎఫ్ సభ్యత్వం లేకపోతే అతన్ని తప్పనిసరిగా పీఎఫ్‌లో చేర్చక్కర్లేదు. చేర్చాలా వద్దా అన్నది మొదటి నెల చందా కట్టకముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. చేర్చుకుంటే అతనికి పింఛను పథకంలో సభ్యత్వం ఉండదు. ఇది 2014 సెప్టెంబరు 1 నుంచి ఉన్న నియమం. యజమాని వాటా 12 శాతం మొత్తం పీఎఫ్‌కే పోవాలి. ఈ సంగతి చూసుకోక అలవాటు చొప్పున అందులో 8.33 శాతం పింఛనుకి రాసేస్తుంటారు. తప్పు అప్పుడు కనబడదు. ఏళ్ల తర్వాత ఆ మనిషి డబ్బు తీసుకోబోతే క్లెయిమ్ తిరిగొస్తుంది, అప్పటికి పీఎఫ్ పనులు చూసే కన్సల్టెంట్ మారిపోయి ఉంటాడు.

ఆఫర్‌లో పని చోటు కూడా విడమరిచి రాయాలి. "విశాఖపట్నం" అని ఊరుకుంటే కుదరదు. మధురవాడలో ఇల్లు తీసుకున్న మనిషికి చేరాక అచ్యుతాపురం యూనిట్ అంటే ఆ నెలలోనే మానేసి పోతాడు. షిఫ్టు వేళలు, వారపు సెలవు, ప్రొబేషన్ ఎన్ని నెలలు, నోటీసు ఎన్ని రోజులు, ఆఫర్ ఏ తేదీ దాకా చెల్లుతుంది అనేవి ఉండాలి. నోటీసు రెండు వైపులా ఒకటే ఉండడం న్యాయం. ఉద్యోగి తొంభై రోజులివ్వాలి, కంపెనీ మాత్రం ఒక్క రోజు చాలు అని రాసుకున్న కాగితాలు తగువు దాకా వెళ్తే కంపెనీకే తలవంపు తెస్తాయి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం నియామక పత్రం ప్రతి కార్మికుడికీ ఇవ్వాల్సిందే, నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. పాత కంపెనీ నుంచి తెచ్చుకున్న నమూనా లెటర్‌నే ఇంకా వాడుతుంటే ఒకసారి తిరగరాయించండి.

ఆఫర్‌కీ చేరికకీ మధ్య

నోటీసు ముప్పై రోజులు కావచ్చు, తొంభై కావచ్చు. చాలా ఆఫర్లు ఈ మధ్యలోనే జారిపోతాయి. పాత కంపెనీ జీతం పెంచుతానంటుంది, హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఇంకో పిలుపొస్తుంది, ఇంట్లో పెద్దాయన "ఉన్నది వదులుకోకురా" అంటాడు. వారం పది రోజులకోసారి ఫోన్ చేయండి. ప్రతిసారీ "చేరుతున్నారు కదా?" అని అడిగితే అనుమానపడుతున్నారని తెలిసిపోతుంది. ఒకసారి రాజీనామా ఆమోదించారా అని అడగండి. ఇంకోసారి ఏ షర్టు సైజు, ఏ బూటు సైజు అని. మరోసారి పైఅధికారి కాబోయే మనిషి చేత మాట్లాడించండి. ఆయన ఐదు నిమిషాలు మాట్లాడితే హెచ్‌ఆర్ పదిసార్లు చేసినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

రాజీనామా ఆమోదించిన మెయిల్ చూపించమంటే నసిగితే, చేరే తేదీ రెండోసారి వాయిదా అడిగితే, రెండో అభ్యర్థికి వద్దని ఇంకా చెప్పకండి.

పేరు ఒకటే, రాతలు ఐదు

తెలుగువాళ్ల చేరికల్లో ఎక్కువ రోజులు తినేసేది ఇదే. ఉదాహరణకి ఒక కుర్రాడి పేరు టెన్త్ మెమోలో బొడ్డేపల్లి వెంకట రమణ. ఆధార్‌లో వెంకటరమణ బి. పాన్‌లో ఇంటిపేరు చివరికి పోయింది. బ్యాంకులో బి.వి.రమణ. పాత కంపెనీ చేసిన యూఏఎన్‌లో (పీఎఫ్ సభ్యుడి నంబరు) రమణ బొడ్డేపల్లి, అదీ ఒక అక్షరం తప్పుతో. మనకి అందరూ ఒక్కరే. కంప్యూటర్‌కి ఐదుగురు. పెళ్లయిన ఆడవాళ్లకి ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, సర్టిఫికెట్లలో పుట్టింటిది. పుట్టిన తేదీది ఇంకో చిక్కు. మొదట్లో ఏడాది మాత్రమే ఇచ్చి ఆధార్ తీసుకున్నవాళ్లకి జనవరి 1 పడి ఉంటుంది, మెమోలో ఆగస్టు.

చేరడానికి కనీసం పది రోజుల ముందు ఒక కాగితం మీద ఐదు గడులు గీయండి: టెన్త్ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, పాత యూఏఎన్. ప్రతి గడిలో పేరు ఇంగ్లిషు అక్షరాల్లో ఎలా ఉందో అలాగే, ఖాళీలతో సహా రాయించండి. కింద పుట్టిన తేదీ, తండ్రి పేరు. లక్ష్మికి చివర ఐ ఉందా వై ఉందా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది.

దిద్దుబాటుకి వరుస ఉంది. ముందు ఆధార్‌ని టెన్త్ మెమోకి సరిపెట్టాలి, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు, చివరికి యూఏఎన్. ఈ వరుస తప్పితే ఒకటి దిద్దితే ఇంకొకటి తేడా పడుతుంది. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే మీసేవలో తొందరపడి "ఎలాగోలా" మార్పించుకోవద్దని ముందే చెప్పండి. యూఏఎన్ 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో సరిచూసి ఇచ్చినదైతే, పేరు, పుట్టిన తేదీ లాంటివి సభ్యుడే ఆన్‌లైన్‌లో దిద్దుకోవచ్చు. ఈ వెసులుబాటు 2025 జనవరిలో వచ్చింది. అంతకుముందుదైతే పాత యజమానో కొత్త యజమానో ఆమోదం తెలపాలి.

ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు కలిపి ఉందో కూడా అడగండి. చాలామందికి తండ్రి నంబరో, ఎప్పుడో పారేసిన సిమ్మో ఉంటుంది. ఓటీపీ పలాసలో నాన్న ఫోన్‌కి పోతుంది, నాన్న పొలంలో ఉంటాడు, ఇక్కడ పని ఆగిపోతుంది.

ఈ కాగితాలన్నీ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వేయించకండి. మీ ఒక్కరి మెయిల్‌కే తెప్పించుకోండి. ఆధార్ ఫొటోకాపీ అవసరమైనచోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. వ్యక్తిగత సమాచార రక్షణకి 2023లో చట్టమే వచ్చింది. ఎందుకు తీసుకుంటున్నారో, ఎంతకాలం ఉంచుతారో రాసి సంతకం తీసుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, స్కాన్ చేసి, అక్కడికక్కడే చేతిలో పెట్టేయాలి. బీరువాలో దాచుకుంటే మనిషి ఆగడు, తగువు మాత్రం మిగులుతుంది.

పాత కంపెనీ గురించి అడగడం, ఊళ్లో నలుగురిని తెలిసి ఉండడం

జీతం స్లిప్పులు, రిలీవింగ్ లెటర్లు ఇంటర్నెట్ సెంటర్‌లో గంటలో తయారవుతాయి. వాటికంటే నమ్మదగ్గది పీఎఫ్ సర్వీస్ హిస్టరీ. అభ్యర్థినే మీ ఎదుట లాగిన్ అయి చూపించమనండి. ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నదీ అందులో ఉంటుంది. పాస్‌బుక్‌లో నెలనెలా పడ్డ చందా బట్టి జీతమెంతో ఒక అంచనాకి రావచ్చు. రెండు చోట్ల తేదీలు ఒకదానిమీద ఒకటి పడితే మాత్రం అబద్ధమని అప్పుడే తేల్చేయకండి. పాత కంపెనీ ఆఖరి తేదీ వేయడం మర్చిపోవడం మామూలే. ఆ తేదీ వేయించకపోతే పీఎఫ్ బదిలీ కూడా ఆగుతుంది, కనుక ఎలాగూ అడగాల్సిన పనే.

ఫోన్లో అడిగేటప్పుడు అభ్యర్థి ఇచ్చిన రాతపూర్వక అనుమతి ఉండాలి. ప్రస్తుతం పనిచేస్తున్న చోటికి రాజీనామాకి ముందు ఫోన్ చేయడం ఘోరమైన తప్పు. ఊరు పెద్దదే అయినా మన రంగం చిన్నది, సాయంత్రానికి అతని బాస్‌కి తెలిసిపోతుంది. అడగాల్సింది పాత హెచ్‌ఆర్‌ని కాదు, పక్కన ఉండి పని చేయించుకున్న సూపర్‌వైజర్‌ని. "మనిషి ఎలాంటివాడు?" అంటే "మంచివాడేనండి" అంటారు, అక్కడితో అయిపోతుంది. "ఏ పని చెప్తే మళ్లీ చూసుకోనక్కర్లేదు? ఏ పనిలో పక్కన ఒకరుండాలి? ఖాళీ ఉంటే మళ్లీ తీసుకుంటారా?" ఈ మూడూ అడగండి. మూడో ప్రశ్నకి జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో కూడా గమనించండి.

ఈ ఫోన్లు ఎత్తే మనుషులు కావాలంటే పరిచయాలు ముందే ఉండాలి. అవసరం వచ్చిన రోజున కార్డు పట్టుకు బయల్దేరితే ఎవరూ మాట్లాడరు. పర్సొనెల్ మేనేజ్‌మెంట్ (సిబ్బంది నిర్వహణ) వాళ్ల సంస్థ ఎన్‌ఐపీఎంకి విశాఖలో చాప్టర్ ఉంది. స్టీలు, పోర్టు, షిప్‌యార్డు లాంటి పాత పరిశ్రమల్లో ఏళ్ల తరబడి కార్మిక వ్యవహారాలు చూసినవాళ్లు ఇలాంటిచోట దొరుకుతారు. కొత్త ఐటీ హెచ్‌ఆర్‌లకి తెలియని చట్టం సంగతులు వాళ్ల నోటిమీద ఉంటాయి. ఆంధ్రా యూనివర్సిటీలో హెచ్‌ఆర్ కోర్సు చదివేవాళ్లకి ఏటా ప్రాజెక్టు చేయడానికి కంపెనీ కావాలి. ఇద్దరికి రెండు నెలలు చోటివ్వండి. మీ ఫైళ్లు సర్దుబాటవుతాయి, ఐదేళ్లకి వాళ్లే ఏ అచ్యుతాపురం కంపెనీలోనో మీ ఫోన్ ఎత్తుతారు. ఐటీఐ, పాలిటెక్నిక్ ప్లేస్‌మెంట్ అధికారుల దగ్గరికి ఖాళీ ఉన్నప్పుడే కాకుండా, తీసుకున్న పిల్లలు ఎలా చేస్తున్నారో చెప్పడానికి కూడా ఒకసారి వెళ్లండి. అలా వెళ్లేవాళ్లు తక్కువ, అందుకే గుర్తుంటారు.

ఒక్క జాగ్రత్త. హెచ్‌ఆర్ గ్రూపుల్లో "ఈ మనిషిని తీసుకోకండి" అంటూ పేరు, ఫొటో పెట్టడం మానుకోండి. ఇంకొకరు పెడితే ముందుకు పంపకండి. అది పరిచయాల కోసం పెట్టుకున్న గ్రూపు, నోటీసు బోర్డు కాదు. పరువునష్టం దావా వస్తే పంపినవాళ్లందరి మీదా వస్తుంది.

చేరే రోజు

తేదీ మీరొక్కరే ఖాయం చేయకండి. ఆషాఢం, అమావాస్య, మంగళవారం వద్దనేవాళ్లు మనలో ఎక్కువే, నమ్మకం లేనివాళ్లకి ఇంట్లో అమ్మ ఉంటుంది. శుక్రవారం పదిన్నరకి రమ్మంటే రాహుకాలం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. మనిషి పదికే వచ్చి రిసెప్షన్ దగ్గర నిలబడతాడు, మీరింకా రాలేదు. సోమవారమైతే తొమ్మిదికి రాహుకాలం వెళ్లిపోతుంది. ఇది మూఢనమ్మకమా కాదా అన్నది మీ పని కాదు. ఒక ఫోన్లో తేలే విషయానికి మొదటి రోజే మనసు చివుక్కుమనిపించడం ఎందుకు?

దారి చెప్పండి. గాజువాక నుంచి రుషికొండ వచ్చే మనిషికి ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఎంతసేపు పడుతుందో తెలిసే ఉంటుంది కానీ, కొండ మీదికి ఆటో ఎక్కడ దొరుకుతుందో తెలియదు. భీమిలి వైపు వెళ్లే 900కె బస్సు ఎక్కితే ఎక్కడ దిగాలో, గేటు దగ్గర ఎవరి పేరు చెప్పాలో రాసి ముందు రోజు సాయంత్రం పంపండి. సెక్యూరిటీకి కూడా పేరు ఇవ్వండి. గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబెట్టిన కంపెనీని ఎవరూ మర్చిపోరు.

ముందు రోజుకల్లా సిద్ధంగా ఉండాల్సినవి: కుర్చీ, బల్ల, కంప్యూటర్, పనిచేసే పాస్‌వర్డు, హాజరు యంత్రంలో పేరు. పాస్‌వర్డు పనిచేస్తోందా లేదా అన్నది మీరే ఒకసారి లాగిన్ అయి చూడాలి. "ఐటీ వాళ్లకి చెప్పాం" అన్నది సిద్ధం కింద లెక్కకి రాదు.

సంతకాలు గంటలో ముగించండి. కాగితాలు ముందే పంపి చదివించి ఉంటే గంట చాలు. తర్వాత పైఅధికారి చేతికి అప్పగించాలి, ఆయన ఆ రోజు ఊళ్లో ఉండాలి. ఆయన లేని రోజున ఎవర్నీ చేర్చుకోవద్దు. మధ్యాహ్నం భోజనం సంగతి ఒకరికి పురమాయించండి. కొత్తవాడు క్యారేజీ తెచ్చుకున్నాడా, క్యాంటీన్‌లో కూపన్ ఎక్కడ ఇస్తారో తెలుసా? మొదటి రోజు ఒంటరిగా తిన్న అన్నం చాలాకాలం గుర్తుంటుంది. ఆ తోడు మనిషి పైఅధికారి కాకూడదు, అదే పని చేస్తున్న, ఒకటి రెండేళ్ల అనుభవమున్న మనిషై ఉండాలి. నెల రోజులు అతని పనిలో కొంత తగ్గించండి, లేకపోతే రెండో రోజుకే విసుక్కుంటాడు.

యాస గురించి ఒక మాట. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన పిల్లల మాటని అనుకరిస్తూ నవ్వడం ఇక్కడి ఆఫీసుల్లో సరదా కింద చెల్లిపోతోంది. వాళ్లు నవ్వుతారు, తర్వాత మీటింగుల్లో నోరు మెదపరు. వెటకారం ఎవరు మొదలుపెడతారో సూపర్‌వైజర్లకి తెలుసు, వాళ్లనే పిలిచి చెప్పండి.

ప్లాంటైతే

వైద్య పరీక్ష రిపోర్టు చేతికి రాకుండా, భద్రత శిక్షణ పూర్తవకుండా షాప్‌ఫ్లోర్ మీద కాలు పెట్టనివ్వకూడదు. "ఒక రౌండు చూపించి తీసుకొస్తా" అన్నా సరే. బూటు సైజు ముందే అడగమన్నది ఇందుకే. తొమ్మిదో నంబరు కాలికి ఎనిమిది ఇస్తే రెండో రోజు చెప్పులతో వస్తాడు. మందుల కంపెనీలో ఉంగరం, దారం, వాచీ తీసేయాలన్న సంగతి ఇంటి దగ్గరే తెలియాలి. మొలతాడో మంగళసూత్రమో ఉన్నప్పుడు ఏం చేయాలన్నది ఆడవాళ్లకి ఆడవాళ్లే, మగవాళ్లకి మగవాళ్లే చెప్పేలా చూడండి.

ఆపదొస్తే చేరాల్సిన చోటు నడిపించి చూపించాలి, స్లైడు మీద కాదు. గాలి ఎటు వీస్తోందో చెప్పే గుడ్డ గొట్టం ఎక్కడుందో, వాసన వస్తే గాలికి అడ్డంగా పక్కకి కదిలి, గాలి వచ్చే వైపుకి చేరాలని చేసి చూపించండి. 2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి చుట్టుపక్కల ఎంత దూరం పాకిందో చూసిన ఊరు ఇది. ఈ పాఠం ఇక్కడ ఎవరికీ వింతగా ఉండదు. ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన కార్మికులుంటే వాళ్ల భాషలో చెప్పించండి, చివర్లో వాళ్లచేతే తిరిగి చెప్పించుకోండి. తల ఊపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు.

మొదటి పది రోజుల్లో పీఎఫ్, ఈఎస్‌ఐ

ఇరవై మంది, ఆపైన ఉన్న సంస్థకి పీఎఫ్, పది మంది, ఆపైన ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తాయి. పీఎఫ్ డిక్లరేషన్ ఫారం 11లో "ఇంతకుముందు సభ్యుడివా?" అన్న చోట చాలామంది కుర్రాళ్లు లేదని రాసేస్తారు. చదువుకునే రోజుల్లో మూడు నెలలు కాంట్రాక్టు పని చేశారు, అప్పుడు ఖాతా తెరిచారు, వాళ్లకే గుర్తులేదు. దాంతో రెండో యూఏఎన్ పుడుతుంది. ఆధార్ నంబరుతో ముందు వెతికించాకే కొత్తది చేయండి.

కొత్త యూఏఎన్‌ని 2025 ఆగస్టు 1 నుంచి ఉద్యోగే ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తెచ్చుకోవాలి. కిటికీ లేని మీటింగు గదిలో పదిసార్లు చేసినా అవదు, బయట వెలుతురులో ఒక్కసారికే అయిపోతుంది. ఫోన్‌లో చోటు ఖాళీ ఉండాలి, ఆధార్‌కి కలిపిన నంబరు దగ్గరుండాలి. అప్పటినుంచే అమల్లో ఉన్న ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద, 2027 జులై 31లోపు మొదటిసారి పీఎఫ్‌లో చేరే, నెల జీతం లక్ష లోపున్న ఉద్యోగికి రెండు విడతల్లో 15,000 దాకా వస్తుంది. అదనంగా చేర్చుకున్న ఒక్కొక్కరి మీద యజమానికీ నెలకి 3,000 దాకా రెండేళ్లు, తయారీ రంగమైతే నాలుగేళ్లు వస్తుంది. యాభై మంది లోపున్న సంస్థ కనీసం ఇద్దర్ని, యాభై, ఆపైన ఉన్నది ఐదుగుర్ని కొత్తగా పెంచుకోవాలి. యూఏఎన్‌లో పేరు తప్పైతే ఈ డబ్బూ ఆగుతుంది.

ఈఎస్‌ఐ జీతం పరిమితి 21,000. చేరిన పది రోజుల్లో నమోదు చేయాలి. డిస్పెన్సరీ ఎంచుకునేచోట ఆఫీసుకి దగ్గరది కాదు, ఇంటికి దగ్గరది రాయించండి. జ్వరం వచ్చినప్పుడు మనిషి ఇంట్లోనే ఉంటాడు. భార్యాపిల్లలు టెక్కలిలో ఉంటే వాళ్లకి వేరే డిస్పెన్సరీ పెట్టొచ్చు. వైద్యం చేరిన రోజునుంచే దొరుకుతుంది, కానీ జబ్బు సెలవుకి డబ్బు రావాలంటే ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా ఉండాలి. ఈ తేడా చెప్పకపోతే మొదటి నెలలోనే ఈఎస్‌ఐ దండగ అన్న పేరొస్తుంది.

పది మంది, ఆపైన ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద ఇవ్వండి. కమిటీలో బయటి సభ్యురాలు పేరుకే ఉంటే, ఆమెకి ఫోన్ చేసి కొత్తవాళ్లకి నంబరు ఇస్తున్నామని చెప్పండి. ప్రసూతి సెలవు హక్కుల గురించి చేరే ప్రతి మహిళకీ రాతపూర్వకంగా చెప్పడం కూడా చట్టంలో ఉన్నదే, చాలామందికి తెలియదు.

మొదటి జీతం

జీతాల లెక్క 25న మూసేస్తే 27న చేరిన మనిషికి ఆ నెల ఏమీ రాదు. వచ్చే నెల కలిపి ఇస్తామని మీకు తెలుసు, అతనికి తెలియదు. విశాఖకి కొత్తగా వచ్చి గదికి అడ్వాన్సు కట్టి, మెస్‌కి ముందే ఇచ్చిన కుర్రాడికి ఆ నలభై రోజులు నరకం. ఆ తేదీని ఆఫర్ దశలోనే చెప్పండి. కుదిరితే చేరికని నెల మొదటి వారానికి జరపండి, కుదరకపోతే పనిచేసిన రోజులకి విడిగా వేయించండి.

ఖాతా వివరాల్లో మన జిల్లాలకి ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, కానీ ఇళ్లలో పాత పాస్‌బుక్‌లు ఇంకా ఉన్నాయి. వాటి మీది పాత ఐఎఫ్‌ఎస్‌సీ (బ్రాంచి కోడ్) రాసి ఇస్తారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎక్కువ ఖాతాలుండే గ్రామీణ వికాస్ బ్యాంకు కూడా 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పాస్‌బుక్ ఫొటో కాకుండా, బ్యాంకు యాప్‌లోనో బ్రాంచిలోనో ఇప్పటి కోడ్ చూసి రాయించండి. ముందు ఒక్క రూపాయి పంపి, పేరు సరిపోయిందో లేదో చూసుకోండి. ఏడాది మధ్యలో చేరిన మనిషి పాత కంపెనీ జీతం, కోసిన పన్ను వివరాలు తెప్పించుకోవాలి. లేకపోతే రెండు కంపెనీలూ పన్నులేని పరిమితిని విడివిడిగా ఇచ్చేస్తాయి, రిటర్ను వేసేటప్పుడు మొత్తం ఒకేసారి నెత్తిన పడుతుంది.

జీతం పడ్డ రోజున పది నిమిషాలు పక్కన కూర్చుని స్లిప్పు వరుసవరుసగా చదివించండి. ఆఫర్‌లో రాసిన మూడు అంకెల కాగితం పక్కన పెట్టుకోండి.

కన్సల్టెంట్‌ని పెట్టుకుంటే

మనుషుల్ని వెతికిచ్చే కన్సల్టెంట్లు మామూలుగా ఏడాది ప్యాకేజీ మీద 8.33 శాతం, అంటే ఒక నెల జీతం అడుగుతారు. బేరమాడాల్సింది శాతం మీద కాదు, చేరిన మనిషి తొంభై రోజుల్లో మానేస్తే ఏంటన్నదాని మీద. మారు మనిషినిస్తారా, డబ్బు తిరిగిస్తారా, ఎన్ని రోజుల్లో? అభ్యర్థి దగ్గర పైసా తీసుకోకూడదన్న మాట ఒప్పందంలో రాయించి, చేరిన మనిషిని విడిగా అడిగి చూడండి. పీఎఫ్, ఈఎస్‌ఐ పనులు చూసే కన్సల్టెంట్ వేరు. అతనికి లాగిన్ ఇవ్వండి కానీ పాస్‌వర్డు తిరిగి తెచ్చుకునే ఫోన్ నంబరు, డిజిటల్ సంతకం మీ దగ్గరే ఉంచుకోండి. పీఎఫ్ చలానా తర్వాతి నెల 15 లోపు కట్టారా లేదా అన్నది రసీదు చూసి నమ్మండి, మెసేజ్ చూసి కాదు.

మూడు నెలలు, మొదటి పండగ

ముప్పయ్యో రోజున, అరవయ్యో రోజున, తొంభయ్యో రోజున హెచ్‌ఆర్ ఒకసారి విడిగా మాట్లాడాలి. "అంతా బాగుందా?" అంటే బాగుందనే అంటారు. ఆఫర్‌లో చెప్పిన పనికీ ఇప్పుడు చేస్తున్నదానికీ తేడా ఏంటి, ఇంటి నుంచి రావడానికి ఎంతసేపు పడుతోంది, ఏ సందేహమొస్తే ఎవరిని అడుగుతున్నారు అని అడగండి. మూడో ప్రశ్నకి "ఎవర్నీ లేదండి, నేనే చూసుకుంటున్నా" అంటే తోడు మనిషి పని చేయట్లేదన్నమాట. సోమవారం సెలవులు పెరగడం, మాట్లాడుతూ ఫోన్ పట్టుకుని కారిడార్‌లోకి పోవడం, పీఎఫ్ ఆఖరి తేదీ గురించి హఠాత్తుగా అడగడం ఇంకో ఆఫర్ చూసుకుంటున్న గుర్తులు. ప్రొబేషన్ ఆరు నెలలైతే, పనిలో లోటుందని నాలుగో నెలలోనే కాగితం మీద చెప్పాలి. ఆరో నెల ఆఖర్న చెబితే దిద్దుకునే సమయం ఇవ్వలేదంటాడు, అది నిజమే.

సెలవుల సంగతి మొదటి వారంలోనే మాట్లాడుకోండి. విజయనగరం మనిషి దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి సిరిమానుకి ఎలాగూ సెలవు అడుగుతాడు. సింహాచలం చుట్టుపక్కలవాళ్లకి గిరి ప్రదక్షిణ మర్నాడు కాళ్లు లేవవు. సంక్రాంతి వీటన్నిటికంటే పెద్దది. డిసెంబరులో చేరిన కుర్రాడి ఖాతాలో జనవరి రెండో వారానికి ఒక్క సెలవే పోగై ఉంటుంది. నిబంధన చూపించి ఒక్క రోజే ఇస్తే ఊరెళ్తాడు, ముక్కనుమ దాటాక కూడా రాడు, ఫోన్ ఎత్తడు. రెండు రోజులు అప్పుగా ఇచ్చి, ఫిబ్రవరి, మార్చిల్లో సరిపెట్టుకుంటామని కాగితం మీద రాసుకోండి. తిరుగు ప్రయాణానికి బస్సు టికెట్ చేయించుకున్నాడా అని బయల్దేరేముందు అడగండి. పండగ తర్వాత సీట్లు దొరకవు.